మావశీ చెప్పిన చాడీ

“పొగాకు అలవాటు ఉందా?” అని అడిగాడు డాక్టర్ నింబాళ్కర్.

“రామ రామ, మా ఇంట్లో ఆడవాళ్ళకి అలాంటివి లేవండీ,” అంది మాలన్.

ఆమె అబద్ధమాడలేదు. మహారాష్ట్రలో సాతారా వైపు మిశ్రీని పొగాకని ఎవరంటారు? ఆకును పెనం మీద నల్లగా మాడ్చి పొడి చేస్తే అది పళ్ళపొడి, అంతే. పొద్దున్నే అది రుద్దుకుంటే గానీ మాలన్‌కు తెల్లవారదు. మధ్యాహ్నం ఇంకోసారి, తలనొప్పి వస్తే మరోసారి.

రెండేళ్ళ కిందట క్యాన్సర్ వచ్చి ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. అప్పటి నుంచీ జాకెట్టులో గుడ్డ ఉండ పెట్టుకుని తిరుగుతోంది. కుళాయి దగ్గర వంగాలంటే భయం, పసుపు కుంకుమ పేరంటానికి వెళ్ళాలంటే భయం. రేపు పొట్ట దగ్గరి కండ తీసి కొత్త రొమ్ము కట్టబోతున్నారు. ఆ రేపటి కోసమే ఆమె ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంది.

డాక్టర్ అటు వెళ్ళగానే దిండు కింద నుంచి డబ్బీ తీసింది.

“పారెయ్యి దాన్ని.”

అన్నది హౌసాబాయి. వార్డులో అందరూ పిన్ని వరసలో మావశీ అని పిలిచే ముసలావిడ. రోగి కాదు, రోగి తాలూకూ కాదు. రోజూ వచ్చి, లేవలేనివాళ్ళకు తల దువ్వుతుంది, జొన్నరొట్టె తుంచి తినిపిస్తుంది.

“పళ్ళపొడి నిన్నేం చేసింది మావశీ?”

“అదీ పొగాకే. అతికించిన కండకి నెత్తురు అందనివ్వదు. డాక్టరుతో చెప్పు.”

“చెబితే రేపు చెయ్యరు.”

“చెయ్యకపోతే తర్వాత చేస్తారు.”

“నీకేం, ఎన్నయినా చెబుతావు. గుడ్డ ఉండ పెట్టుకునేది నేను కదా.”

హౌసాబాయి ఇంక వాదించలేదు. నేరుగా వెళ్ళి డాక్టరుతో చెప్పేసింది.

ఆయన కోప్పడలేదు. “ఇది పూర్తిగా మానేసి, నెలన్నర ఆగి రండమ్మా. మీకు షుగర్ కూడా ఉంది, అదీ తగ్గాలి. ఇప్పుడు చేసి చెడగొట్టుకుంటే, మళ్ళీ తియ్యడానికి పొట్ట దగ్గర ఇంకో కండ ఉండదు,” అన్నాడు.

మాలన్ భోరున ఏడ్చింది. ఏడుపంతా హౌసాబాయి మీదికి మళ్ళింది.

“నోటికాడ కూడు లాగేశావు కదే ముసలిదానా. నీ కూతురికైతే ఇలా చేసేదానివా?”

“చెయ్యలేదమ్మా,” అంది హౌసాబాయి మెల్లగా.

“చూశారా, తనే ఒప్పుకుంటోంది,” అంది మాలన్ అందరితో.

ఊరికే వదల్లేదు. ఎవరో బయటి మనిషి వార్డులో చేరి చాడీలు చెబుతోందని ఆఫీసులో ఫిర్యాదు చేసి మరీ ఇంటికి వెళ్ళింది.

మిశ్రీ మానడం అంత తేలిక కాలేదు. తల పగిలిపోయేది. చెయ్యి దానంతటదే డబ్బీ పెట్టే గూటి వైపు వెళ్ళేది. మొగుడితో అయినదానికీ కానిదానికీ తగువే. చివరికి ఆ ముసలిదాని మీది పంతంతోనే మానేసింది.

నెలన్నర తర్వాత ఆపరేషన్ అయింది. గంటగంటకూ నర్సు ప్రమీల వచ్చి కొత్త రొమ్మును వేలితో నొక్కి చూసేది. తెల్లబడిన చోట మళ్ళీ ఎరుపు వచ్చేది.

“నెత్తురు బాగా ఆడుతోంది. ఇంక భయం లేదు,” అన్నాడు డాక్టర్ ఒకరోజు.

ఆ పూట మాలన్ అద్దం అడిగి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. సంతోషంతో పాటు సిగ్గూ వేసింది.

“ప్రమీలా, మావశీని ఒక్కసారి పిలువు. కాళ్ళకు దణ్ణం పెట్టుకోవాలి.”

“మీ ఫిర్యాదు తర్వాత గేటు దగ్గరే ఆపేశారు తాయీ. కొన్నాళ్ళు బయట నిలబడి వెళ్ళిపోయేది. ఇప్పుడు రావడమే లేదు. ఎక్కడుందో మాకూ తెలియదు.”

మాలన్ అద్దం బోర్లించింది. “ఆవిడకెవరూ లేరా?” అంది.

“ఒక్కతే కూతురు. మీకు చేసిన ఆపరేషనే, ఇదే వార్డులో. అతికించిన కండ నల్లబడి, చీము ఒంటికంతా పాకి, ఆ పిల్ల దక్కలేదు.”

“ఆ పిల్ల కూడా మిశ్రీ సంగతి దాచిందా?”

“లేదు తాయీ, చెప్పింది, మానేసింది కూడా. ఆపరేషన్ అయ్యాక తల పగిలిపోతోందని ఏడుస్తుంటే చూడలేక, మిశ్రీ మాడ్చి, కొంగున ముడేసుకుని మాకు తెలియకుండా తెచ్చిచ్చింది మావశీయే.”