తాళం తప్పిన చెయ్యి

"సంగీతం నేర్పడానికి ఎం.ఏ.నా? పాడేది చేతగానోళ్ల చదువే అది! గాత్రంలో చెయ్, లేదంటే ఆ సాఫ్ట్‌వేరే చేసుకుంటా పడుండు," అని కూతురు భార్గవి మీద విరుచుకుపడింది కమలమ్మ.

"కచేరీలు నాకొద్దుమా. పిల్లలకెట్ల నేర్పాలో చదవాల."

"చిన్నప్పట్నుంచి నా దగ్గరే నేర్చుకుంటివే. ఎట్ల నేర్పాలో తెలీలేదా?"

"తెలిసింది. అందుకే చదువుతానంటాండా."

కమలమ్మ మొహం కందగడ్డయింది. విసురుగా ఎదుటి పాప వైపు తిరిగింది. పక్క ఫ్లాటు పిల్ల, పాఠానికి ఆ రోజే చేరింది. తొడ మీద తాళం వేస్తూ తప్పింది.

చేతి మీద ఒక్కటివ్వడానికి కమలమ్మ చెయ్యెత్తింది. పాప బెదరలేదు. కొత్త పిల్ల, ఇంకా ఏమీ తెలియదు.

సోఫాలో కూర్చున్న భార్గవి చెయ్యి మాత్రం చటుక్కున చున్నీ కింద దాక్కుంది.

ఎత్తిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో కమలమ్మకు తోచలేదు.