అమ్మ జునిపర్

"కొయ్యకే తల్లీ! చచ్చిపోతుంది."

తండ్రి కేక వేసినా కూతురి చేతిలో కత్తెర ఆగలేదు. కుండీలోంచి ఊడదీసిన జునిపర్ చెట్టు వాకిట్లో పాత పేపర్ల మీద పడుకుని ఉంది. మూరెడు ఎత్తు బోన్సాయ్. కింద మట్టి కనిపించడం లేదు, అంతా వేళ్లే. పోవడానికి దారి లేక, ఒకదాన్నొకటి చుట్టేసుకుని చాప అల్లినట్టయిపోయాయి.

"కొయ్యకపోతేనే చస్తుంది నాన్నా. నీళ్లు లోపలికి దిగడం లేదు. కొసలు ఎలా పాలిపోయాయో చూడు."

"మీ అమ్మ పెంచిన చెట్టే అది!"

"అందుకే కోస్తున్నా."

కూతుర్ని పక్కన పెడితే, పోయిన అమ్మ తన చేత్తో పెంచినవాటిలో ఇక మిగిలింది ఆ చెట్టొక్కటే. అదీ పోతే నాన్న మళ్లీ మనిషి కాలేడని ఆమె భయం. కింది వేళ్లు కత్తిరించి, మిగతావాటిని పుల్లతో మెల్లిగా విడదీసింది. చిన్న రాళ్లు కలిపిన కొత్త మట్టిలో నాటి, కదలకుండా తీగతో కుండీకి కట్టేసింది.

"కొత్త వేళ్లు వచ్చేదాకా ఎండ వద్దు, ఎరువు వద్దు. నీళ్లు నేనే పోస్తా. నువ్వు మాత్రం ముట్టుకోకు."

"నేనెందుకు ముట్టుకుంటానూ!" అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే కుండీలో నీళ్లు తొణుకుతున్నాయి. ఆ మర్నాడూ అంతే.

"నాన్నా! వేళ్లు కుళ్లిపోతాయి!"

"ఒంటి నిండా కోతలున్నదానికి దాహం వేయదూ? దాంతో మాట్లాడుతూ మాట్లాడుతూ పోసేశానే."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆయన మొండి అయితే, కూతురు జగమొండి. ఆయన లేవకముందే చెట్టును ఎదురింటి టీచరమ్మగారి వెనక వరండాలో నీడకు చేర్చింది. తను అటు వెళ్తే ఆయన వెంటపడతాడని, నీళ్లు పోసే పని కూడా టీచరమ్మకే అప్పగించింది. ముందురోజే నర్సరీ నుంచి తెచ్చి దాచిన అలాంటి జునిపర్‌నే, అలాంటి కుండీలోనే దాని చోట పెట్టింది. పోసుకో నాన్నా, నీ ఇష్టం!

ఆయన పోశాడు. మగ్గులకు మగ్గులు పోశాడు. ఆమె చూస్తుంటే ఇంకో మగ్గు ఎక్కువే పోశాడు. నర్సరీ చెట్టు కొన్నాళ్లు పచ్చగా ఉన్నట్టే నటించింది. ఆ జాతి అంతే, చచ్చిన సంగతి కూడా ఆలస్యంగా చెబుతుంది. చివరికి ఎర్రబడి, ముట్టుకుంటే రాలిపోసాగింది. ఆయన మగ్గు మాత్రం ఆగలేదు.

ఆమె ఇక చూడలేకపోయింది. అసలు చెట్టు బతికుంటే చాలు, తెచ్చి చూపించి నిజం చెప్పేద్దామని ఎదురింటికి పరుగెత్తింది.

అమ్మ జునిపర్‌కు కొసకొసనా లేత చిగుళ్లు! ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"గెలిచానండీ! నాన్న చూస్తే గంతులేస్తారు."

"నిన్ననే వేశారమ్మా" అంది టీచరమ్మ.

"నాన్న ఇక్కడికి వచ్చారా?"

"నువ్వు తెచ్చి పెట్టిన రోజు సాయంత్రమే వచ్చారు. మీ అమ్మ వంచిన కొమ్మ ఆయనకు తెలీదూ? మా ఇల్లు తప్ప నీకు వేరే చోటు లేదని సరాసరి ఇటే వచ్చేశారు. నువ్వు ఇంట్లో లేనప్పుడు రోజూ దీని పక్కన కూర్చుని కబుర్లు చెప్పి వెళ్తారు."

కూతురు గబుక్కున కుండీలో మట్టి తడిమి చూసింది. "నీళ్లు పోశారా?"

"ఒక్క చుక్క పోస్తే ఒట్టు. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంటారు."

"మరి ఇంట్లో ఆ మొక్కకి అన్నేసి నీళ్లెందుకు?"

"అక్కడ పోయడం మానేస్తే నువ్వు దీన్ని ఇంటికి తెచ్చేస్తావట, తెస్తే తన చేతిలో చావడం ఖాయమట. అందుకని ఆ నర్సరీ మొక్కకి రోజూ క్షమాపణ చెప్పుకుని మరీ పోస్తున్నారు."