స్టోర్ గుమ్మంలో నల్లతేలు

"ఇది కుడితే మనిషి పోతడా?" భూమేశ్ మళ్ళీ అదే అడిగాడు.

అరబ్బు దేశంలో, అల్ సువైక్ బజార్లో పిట్టలు, చేపలు అమ్మే దుకాణం అది. కడప నుంచి వచ్చిన మజహర్ అందులో పనిచేస్తాడు. వాళ్ళిద్దరి మధ్య గాజుపెట్టెలో అరచెయ్యంత నల్లతేలు కదలకుండా ఉంది.

"పోడన్నా. తేనెటీగ కుట్టినట్టుంటాది. కొత్తగా పెంచేటోళ్ళకి దీన్నే ఇస్తాం. ముందర చేతులు లావు, తోక సన్నం. అట్లాంటిదానికి విషం తక్కువ. ఆ పక్కనున్న పచ్చతేలు జోలికి మాత్రం పోవాకు. పుల్ల మాదిరుంటాది గానీ ప్రాణం తీస్తాది."

భూమేశ్‌కి నమ్మకం కుదరలేదు. వాళ్ళ జగిత్యాల దిక్కు చిన్నతేలు కుడితే ఉల్లిగడ్డ రుద్దుకుని పనికి పోతారు. నల్ల మండ్రగబ్బ కనబడితే మాత్రం వాడకట్టంతా బయటికొస్తుంది.

"ఎవ్వరూ చావొద్దు," అన్నాడు. "చూస్తే మాత్రం భయపడాలె."

"నేనే రోజూ భయపడతా. ఇంతకీ ఎవరికి?"

"నాకే. అన్నం తింటదా?"

"అన్నం, రొట్టె ముట్టదు. పురుగులేస్తే చాలు."

తను పనిచేసే ఖర్జూర తోటకి పోయే దారంతా తేలు పెట్టె ఒళ్ళోనే పెట్టుకున్నాడు. అతని అక్క రాజేశ్వరి ఖురం అనే చోట ఒక ఇంట్లో పనికుండేది. ఆ ఇంటివాళ్ళు ఈ తోట యజమాని అర్బాబ్‌కి చుట్టాలు. ఆమెకి అక్కడ పని ఇప్పించింది కూడా ఆయనే. ఫోన్ చేసినప్పుడల్లా 'తమ్మీ, నన్నీడికెల్లి తీస్కపో' అని ఏడ్చేది. ఎండలు ముదిరిన రోజుల్లో ఆమె చెప్పులు సముద్రం ఒడ్డున దొరికాయి. మనిషి దొరకలేదు.

అప్పటినుంచి తోట స్టోర్‌లో ఏదో మెదులుతోంది. గోతాల వెనక గాజుల చప్పుడు విన్నానని తోటి పనివాడు ఆంజి ఒట్టేసి చెప్పాడు. పోయినవాళ్ళకి పెట్టినట్టే భూమేశ్ రోజూ ఒక పళ్ళెం లోపల పెట్టి తలుపు దగ్గరికేస్తాడు. కాకి దూరే సందు లేని గది అది. అయినా పొద్దునకల్లా పళ్ళెంలో మెతుకుండదు. ఆంజి ఇప్పుడు పట్టపగలు కూడా స్టోర్ ముందునుంచి కాకుండా చుట్టు తిరిగి మోటారు దగ్గరికి పోతున్నాడు.

ఫోర్‌మన్ ఇనాయత్ హైదరాబాద్ వాడు, దయ్యాల్ని నమ్మడు. కాయ కోతకొచ్చింది, పెట్టెలకి చోటు కావాలి, రేపు స్టోర్ ఖాళీ చేయిస్తానని ఆ పొద్దునే అన్నాడు. 'మా అక్క ఆత్మ ఆడనే ఉన్నది సాబ్, కదిలియ్యొద్దు' అని భూమేశ్ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. సెలవు పెట్టి ఊరికి పోయి రమ్మన్నాడు తప్ప ఇనాయత్ మాట మార్చలేదు.

మర్నాడు పొద్దున ఇనాయత్ ఆంజిని, భూమేశ్‌ని వెంటబెట్టుకుని వచ్చి తలుపు తోశాడు. గుమ్మంలో, ఖాళీ పళ్ళెం పక్కన, నల్లతేలు చేతులు రెండూ ఎత్తి నిలబడి ఉంది.

"మండ్రగబ్బ," అంటూ ఆంజి ఖర్జూర చెట్ల దాకా వెనక్కి పరుగెత్తాడు.

ఇనాయత్ చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే లోపలి చీకట్లో గాజులు గలగలమన్నాయి. చెప్పు అలాగే చేతిలో ఉండిపోయింది.

"కాయ పెట్టెలు షెడ్డుల పెట్టిస్త," అన్నాడు. "నీ బహెన్‌ను నువ్వే చూస్కో భాయ్. ఈ దర్వాజా ఇగ ఎవ్వడూ తియ్యడు."

చెప్పు వేసుకోవడం కూడా మరిచి, ఒంటికాలి చెప్పుతోనే బండి దాకా నడిచిపోయాడు.

బండి చప్పుడు దూరమయ్యేదాకా భూమేశ్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. తర్వాత అట్టముక్కతో తేలుని మెల్లగా పెట్టెలోకి ఎక్కించి మూత బిగించాడు. పప్పన్నం పళ్ళెం, నీళ్ళ చెంబు లోపల పెట్టాడు.

"పోయిన్రక్కా," అన్నాడు చీకట్లోకి.

గోతాల వెనక నుంచి రాజేశ్వరి లేచివచ్చి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంది.