శనివారం తిట్లు

"ఆపండ్రా మీ గోల."

థోర్న్‌బెక్ అనే ఇంగ్లిష్ ఊరి సంతలో, చేపల బండికీ జున్ను బండికీ మధ్య నిలబడి ఒక ముసలామె గొడుగు ఎత్తి అరిచింది.

ఎర్ర కోట్లు వేసుకున్న ముగ్గురు సన్నాయిలు నోటిదాకా తెచ్చి ఆగిపోయారు. నాలుగో మనిషి మోరీన్ డోలు మీద పుల్ల ఆపేసింది.

"ఇంకా మొదలే పెట్టలేదు పెద్దమ్మా," అన్నాడు సన్నాయి దించి క్లైవ్.

"బాతుల గొంతు పిసుకుతున్నట్టుంది," అందామె.

చుట్టుపక్కలవాళ్లు పకపకా నవ్వారు. నవ్వినవాళ్లు ఆగారు. ఆగినవాళ్లు ఎలాగూ ఆగాం కదా అని పాట కూడా విన్నారు.

వెనకటికి ఆ ఊళ్లో వెయిట్స్ అని ఉండేవారు. ఊరి కాపలా వాళ్లదే, ఊరి మేళమూ వాళ్లదే. రాత్రంతా గస్తీ తిరిగి, తెల్లవారుతూనే సన్నాయి ఊది జనాన్ని నిద్ర లేపేవారు. పోలీసులొచ్చాక ఊరు వాళ్లను ఇంటికి పంపేసింది.

దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత, బస్సు నడిపి రిటైరైన క్లైవ్ హెలివెల్‌కి ఆ మేళాన్ని మళ్లీ నిలబెట్టాలని పిచ్చి పట్టింది. పిచ్చి ఒక్కడికే ఉంటే మేళం కాదు కనుక ఇంకో ముగ్గురికి అంటించాడు.

టౌన్ కౌన్సిల్ వాళ్లు సంతలో ఓ మూల చోటిచ్చారు.

"ఈస్టర్ దాకా చూస్తాం. జనం ఆగితే చోటు మీది. ఆగకపోతే బర్గర్ల బండికి ఇచ్చేస్తాం."

మొదటి రెండు వారాలు పావురాలు తప్ప ఎవరూ ఆగలేదు. ఊరు తమని రెండోసారి ఇంటికి పంపేస్తుందని క్లైవ్ బెంగపెట్టుకున్నాడు.

మూడో వారం ఈ గొడుగు ముసలామె, బెరిల్, దాపురించింది.

అప్పట్నుంచి ప్రతి శనివారం అదే వరస. సామాన్ల బండి ఈడ్చుకుంటూ వచ్చేది. తిట్టేది. క్లైవ్ ఏదన్నా అంటే ఆ మాట పట్టించుకోకుండా తన తిట్టు తను తిట్టేది.

"వాయించనివ్వవే తల్లీ, నీ సొమ్మేం పోయింది," అని చేపలమ్మేవాడు ఆమె మీదికి లేచేవాడు. ఇంకొకడు ఆమె పక్షం. సంతంతా రెండు జట్లు.

క్రిస్మస్ నాటికి మూల నిండిపోయింది. అంతా తన సన్నాయి మహిమేననుకున్నాడు క్లైవ్. ఎవరి పిచ్చి వారికానందం.

"ఇంత జనం వస్తున్నారు. ఈ ముసలమ్మ పీడ వదిలితే ఇంకా వస్తారు," అన్నాడు మోరీన్‌తో.

"పోనీలే క్లైవ్. నోరే కాస్త దురుసు. మనల్ని కొట్టిందా, తిట్టిందా?"

"తిట్టింది కదా."

"అదే, తిట్టి ఊరుకుంది."

క్లైవ్ సంత అధికారి దగ్గరికి వెళ్లాడు.

"మీరే చెప్పుకోండి బాబూ. నాకావిడంటే భయం," అన్నాడాయన.

జనవరిలో ఒక శనివారం, ఆమె గొడుగు ఎత్తకముందే క్లైవ్ ఎదురెళ్లాడు.

"ఇక మీరు ఇక్కడికి రావద్దు. మా వాయిద్యం పడకపోతే ఇంట్లో తలుపులేసుకుని కూర్చోండి."

ఆమె అతని పెదాల వైపే చూస్తూ నిలబడింది. తర్వాత తల తిప్పి గుమిగూడిన జనాన్ని చూసింది.

"సరేలే. బాగానే ఉన్నారుగా," అని బండి ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

వెటకారం అనుకున్నాడు క్లైవ్.

మళ్లీ రాలేదు. మరుసటి వారం జనం కాసేపు అటూ ఇటూ చూసి, "ఇవాళ బెరిల్ లేదా?" అని అడిగి వెళ్లిపోయారు. ఆపై వారం అడిగేవాళ్లు కూడా లేరు. మార్చి వచ్చేసరికి పావురాలు మళ్లీ పాత చోటికి చేరాయి.

"పోయి బతిమాలుకో," అంది మోరీన్. "ఈస్టర్‌కి ముందు ఒక్కసారి వచ్చి తిట్టిపొమ్మను."

క్లైవ్ సిగ్గు చంపుకుని అల్లం కేకు కొన్నాడు. ఎర్ర కోటుతోనే ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి తలుపు తట్టాడు.

ఇంకో ముసలామె తలుపు తీసింది.

"బెరిల్ గారున్నారా?"

"ఫిబ్రవరిలో పోయింది నాయనా. నెమ్ము చేసింది. నేను చెల్లెల్ని, నోరాని."

క్లైవ్ కేకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నువ్వు ఎర్ర కోటు అబ్బాయివి కదూ. లోపలికి రా, టీ పెడతాను."

వంటింట్లో కూర్చోమన్న కుర్చీలో కూర్చున్నాడు.

"ఆవిణ్ణి రావద్దన్నది నేనే," అన్నాడు.

"చెప్పింది. 'వాళ్లకి జనం కుదిరారే నోరా, ఇంక నా పని అయిపోయింది' అంది."

"ఏం పని?"

నోరా అతని ముందు కప్పు పెట్టింది.

"ఆ సంతలోనే మా ఇద్దరివీ ఎదురెదురు కూరగాయల బండ్లు. బేరం లేని రోజు అక్క నన్ను తిట్టేది, నేను అక్కని తిట్టేదాన్ని. తగువంటే ఎవరికి చేదు? జనం ఆగేవాళ్లు. ఆగినవాళ్లు ఊరికే పోలేక ఇద్దరి దగ్గరా కొనేవాళ్లు. మిమ్మల్ని చూసొచ్చిన రోజు, 'పాపం, పావురాలకి వాయిస్తున్నారే' అని అన్నం సరిగ్గా తినలేదు."

క్లైవ్ కప్పు పక్కకి జరిపాడు.

"మా వాయిద్యం ఆవిడకి నచ్చలేదు కదా. బాతుల గోల అనేది."

"నచ్చిందో లేదో తనకేం తెలుసు నాయనా," అంది నోరా కేకు కోస్తూ. "మా అక్కకి రెండు చెవులూ వినపడక పదేళ్లయింది."