తోడు సర్వర్

"మళ్ళీ కుదరదంటోంది సార్," అంది అసిస్టెంటు.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. రేపు కూతురి కాన్పు. ఒక సర్వర్ ఆగిన క్షణంలోనే రెండోది పని అందుకునేలా కుదిరిస్తేగానీ ఆయన ఊరికి కదలలేడు.

"రెంటికీ ఒకే ప్రాసెసర్ కదా! దీనికేం రోగం?"

"ఒక్కో కోర్‌తో ఒకేసారి రెండు పనులు చేయించే ఆ హైపర్‌థ్రెడింగ్ సెట్టింగు మొదటిదానిలో ఆన్‌లో ఉంది, రెండోదానిలో లేదు. రెండూ ఒకేలా ఉంటేగానీ తోడు నిలవదు. ఎవరో మహానుభావులు..."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఊరికే కూర్చునేదానికి ఎందుకులే అని నేనే వదిలేశాను."

"అనుకున్నాను," అంటూ ఆమె అలవాటుగా గోడవైపు తిరిగి నిలబడింది. "మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలిగా, కొట్టండి. ఆరేళ్ళలో ఈ గోడ నాకు కంఠతా వచ్చేసింది."

ఆయన ఎడమ అరచెయ్యి ఎప్పటిలాగే కీబోర్డుకు అడ్డం వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"నేను లేనప్పుడు మళ్ళీ మార్చాల్సొస్తే?"

"ఫోన్ చేస్తాను. మనవణ్ణి కింద పెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని చెబుదురు గాని."

ఆయన నవ్వుతూ కుర్చీలోంచి లేచాడు.

"గోడని చూసింది చాల్లే, ఇటొచ్చి కూర్చో. నేను చెబుతాను, నువ్వు కొట్టు."