తెర మీద టోపీ నీడ

"ఆ సినిమా వెయ్యొద్దు ఫాదర్. వేశారంటే రేపట్నుంచి ఈ బడిలో నా మాట కుక్క కూడా వినదు."

కెర్వెల్లా ఆ ముక్క చెప్పడం పొద్దుట్నుంచి ఇది మూడోసారి. ప్రిన్సిపాల్ ఫాదర్ ఓఫ్రే వింటేగా! ప్రొజెక్టరుకి రీలు ఎక్కిస్తూ కూర్చున్నాడు.

"పిల్లలు బడి మీద తిరగబడ్డ కథ. అంతేగా? తీసిన ఏడాదే సర్కారు నిషేధించింది. ఇరవయ్యేళ్లు డబ్బాల్లో మగ్గి మొన్ననే బయటపడింది. పారిస్‌లో జనం ఎగబడి చూస్తున్నారట. మనవాళ్లు చూస్తే ఏం కొంప మునుగుతుంది? ఇంతకీ మీరు చూశారా?"

"చూళ్లేదు. చూడక్కర్లేదు కూడా. అందులో ఏముందో నాకు తెలుసు."

"బాగుంది వరస! సరే, మరీ కూడని సీనొస్తే మీ టోపీ ఉండనే ఉందిగా."

అది ఆ బడి ఆనవాయితీ. గురువారం సెలవు. మధ్యాహ్నం భోజనాల హాల్లో బల్లలు జరిపి సినిమా వేస్తారు. తెర మీద ముద్దో, మోకాలి పైకి గౌనో కనబడబోతే క్రమశిక్షణ చూసే కెర్వెల్లా ప్రొజెక్టరు ముందు టోపీ అడ్డం పెడతాడు. పిల్లలు ఊళ పెడతారు. పెట్టినవాడికి ఆదివారం ఇంటికి పోవడం బంద్.

రెండొందల మంది వానరాల్ని దారిలో పెట్టడానికి అతనికి తాతలు దిగొచ్చారు. ముప్పయ్యేళ్లు దాటాయో లేదో, ముఖాన నవ్వన్నది లేదు. నవ్వితే అలుసు.

వానరాల్లో పెద్ద వానరం తాంగీ. వాడు ఓసారి స్నానాల గదిలో అంటుంటే కెర్వెల్లా చెవిన పడింది.

"ఈయన మీసాలతోనే పుట్టుంటాడ్రా! ఉయ్యాల్లో వేసిన వాళ్లమ్మనే వరసలో నిలబడమని ఉంటాడు."

కోపం రావాలి. రాలేదు. హమ్మయ్య అనుకున్నాడు.

దీపాలార్పారు. సినిమా మొదలైంది. తెర మీద పిల్లలు బుద్ధిగా వరస కట్టి పడకల గదిలోకి వస్తున్నారు. అంతలోనే టోపీ అడ్డం పడింది.

"ముద్దూ లేదు, మోకాలూ లేదు. ఎందుకు సార్ అడ్డం?" చీకట్లోంచి తాంగీ.

"నోర్ముయ్. నీకు ఆదివారం బంద్."

బొమ్మకి టోపీ అడ్డం పెట్టొచ్చు గానీ శబ్దానికి ఏం పెడతాడు? కేకలు, దిండ్లు చిరిగిన చప్పుడు, ఎవరో మాస్టారి బొబ్బలు. కుర్రాళ్లకి కూర్చున్న చోట ముళ్లున్నట్టే ఉంది. టోపీ దిగింది. మళ్లీ లేచింది. మళ్లీ దిగింది.

"సీను రాకముందే ఎలా తెలుస్తోందయ్యా మీకు?" ఫాదర్ గుసగుసగా అడిగాడు.

"పసిగట్టడమే కదా ఫాదర్ నా ఉద్యోగం."

అన్నాడే గానీ ఒక్కసారి, ఒక్క క్షణం తనూ చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. వీళ్లు లేనప్పుడైతే ఎంత బాగుండును! చూస్తే వీళ్లూ చూస్తారు. చూశారా, అయిదేళ్ల కష్టం గంగపాలు.

ఈసారి టోపీ లేచి ఎంతకీ దిగలేదు. వెనక వరసలో ఎవడో కర్రబూటు నేలకేసి కొట్టాడు. పక్కవాడు అందుకున్నాడు. చూస్తుండగానే హాలంతా టకటకా టకటకా. గూట్లో సూపు గిన్నెలు గలగలమన్నాయి.

"ఆపండి! ప్రతి ఒక్కడికీ ఆదివారం బంద్!"

"అందరికీ బంద్ అయితే ఇంక భయమేంట్రా!"

తాంగీగాడు బల్ల మీద నుంచి ఒక్క దూకు దూకి టోపీ లాక్కుని పారిపోయాడు.

కెర్వెల్లా రెండు చేతులూ అడ్డం పెట్టబోయాడు. ఇద్దరు కుర్రాళ్లు చెరో చెయ్యీ పట్టుకుని వేలాడారు.

"ఫాదర్, ప్రొజెక్టరు కట్టెయ్యండి! మీకు పుణ్యముంటుంది, కట్టెయ్యండి!"

కెర్వెల్లా బతిమాలగా ఆ బడిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఫాదర్ కంగారులో మీటకి బదులు ఇంకేదో నొక్కాడు. రీలు తిరుగుతూనే ఉంది.

హాలు గోలగోలగా ఈల వేసింది. అంతలోనే ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. తాంగీ టోపీ పట్టుకుని ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. ఒక్కొక్క తలే తెర వైపు నుంచి కెర్వెల్లా వైపు తిరిగింది.

తెర మీద బల్లెక్కి నిలబడి, మాస్టారి బట్టతల మీద సిరాబుడ్డి కుమ్మరిస్తూ, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నవాడు పదకొండేళ్ల కెర్వెల్లా.