గడపకు అడ్డంగా చెయ్యి

"లోపటికి రావొద్దు."

గడపకు అడ్డంగా చెయ్యి పెట్టి, గొంగడి కప్పుకున్న ఆ పెద్దాయన అన్న మాట అదొక్కటే.

బయట వాన దంచికొడుతోంది. చూరు కింద అమరేందర్, సుగుణ ముద్దగా తడిసి నిలబడ్డారు.

వాళ్ళది నల్లగొండ. అతను బడిపంతులు. పెళ్ళై ఏడాది నిండలేదు. జీతం బెత్తెడు, ఆశ బారెడు. అరవై రెండులో దసరా సెలవులు ఇవ్వగానే చెరో సంచి భుజాన వేసుకుని ఊళ్ళు చూడ్డానికి బయల్దేరారు. పండగ పూట కొత్తకోడలు ఊళ్ళు తిరగడమేమిటని అత్తగారు సణిగినా వినలేదు. భువనగిరి కోట ఎక్కారు. దేవరకొండ కోట చూశారు. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం చూసుకుని, తర్వాత రైలెక్కి బందరు పోవాలి. సుగుణ పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. పడక సత్రాల్లో, తిండి అటుకుల మూటలో.

పెద్దవాళ్ళు తోడు లేకుండా వయసు జంట ఇలా తిరగడం ఆ రోజుల్లో వింతే. ఏ సత్రానికి పోయినా ఒకటే ఆరా, లేచిపోయి వచ్చారా అని. ఒకచోట గుమాస్తా సుగుణను మెడలో పుస్తెలు చూపించమన్నాడు కూడా. ఆ మాట ఆమెకు ముల్లులా దిగబడి, ఇంకా సలుపుతూనే ఉంది.

ఇప్పుడు అచ్చంపేట దారిలో వాగు పొంగి బస్సు ఆగిపోయింది. ఊరి మొదట్లో కనిపించిన ఇల్లు ఇది.

సుగుణ మంచినీళ్ళు అడిగింది. లోపల కుండ కనబడుతూనే ఉంది. పెద్దాయన ఇవ్వలేదు. ఎదురింటి బిక్షమ్మను కేకేసి, వాళ్ళను అక్కడికి పొమ్మన్నాడు. సుగుణ సంచి జారి కింద పడితే, అందుకోబోయి కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చూసిండ్రా? ఈయనకు గూడ గదే అనుమానం. మన సంచి ముట్టుకుంటె మైలపడ్తడట" అంది సుగుణ.

అమరేందర్ ఊరుకోమన్నాడు. ఊరుకోవడం ఆమెకు పుట్టుకతో రాలేదు.

బిక్షమ్మ జొన్నరొట్టెలు కాల్చి పెట్టింది. తడిబట్టలతో ఉండొద్దని, మడత విప్పని చీర తెచ్చి సుగుణ చేతిలో పెట్టింది. పసుపుపచ్చ చీర, ఎర్ర అంచు. కొత్తదెందుకని సుగుణ అంటే, కొత్తకోడలికి పాతది కట్టబెడతానా అంది. పెద్దాయన పేరు గుర్వయ్య అని చెప్పింది. ఆయన సంగతి ఇంకేం అడిగినా మాట మళ్ళించింది.

గుర్వయ్య కర్ర పట్టుకుని తన ఇంటి ముందు వానలోనే కూర్చున్నాడు, వీళ్ళ వైపే చూస్తూ. దొంగలకు కాపలా కాసినట్టు కాస్తున్నాడని సుగుణ రాత్రంతా ఉడికిపోయింది.

తెల్లారేసరికి వాన వెలిసింది. వాగు తగ్గింది, రమ్మని డ్రైవరు కబురు పంపాడు.

అమరేందర్ మర్యాద తప్పని మనిషి. గుర్వయ్య ముందు ఆగి, "పోయొస్తం పెద్దయ్యా" అన్నాడు.

గుర్వయ్య సుగుణను ఒక్కసారి చూసి మొహం తిప్పుకున్నాడు. పోయి రండని మాట వరసకైనా అనలేదు.

సుగుణ ఇక ఆగలేకపోయింది.

"నేను లగ్గమైన దాన్ని. మా బాపు దగ్గరుండి అత్తగారింటికి తోలిండు. నీకొక ఆడపిల్ల ఉంటె తెలుస్తుండె పెద్దమనిషీ, గడప కాడ ఆపితె ఎట్లుంటదో."

గుర్వయ్య కర్ర ఊతంగా లేచి వాగు వైపు చూశాడు.

"వాగు కాడ జర పయిలం బిడ్డా."

బిక్షమ్మ వాగు దాకా సాగనంపడానికి వచ్చింది. గుర్వయ్యకు గడ్డి పెట్టానని సుగుణ దారిలో గొప్పగా చెప్పింది. ఏమన్నదీ పొల్లుపోకుండా చెప్పింది.

బిక్షమ్మ ఉన్నచోటనే నిలబడిపోయింది.

"ఎంత మాటంటివి తల్లీ."

తర్వాత దాచలేక చెప్పేసింది. ఆ ఇంట్లో చావు జరిగి ఇంకా దినాలు కాలేదు. సుగుణ కాళ్ళకు కొత్త మెట్టెలు చూసి, ఏడాది తిరగని కొత్తకోడలు మైల ఇంటి గడప తొక్కొద్దని గుర్వయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. అందుకే ఆ కుండలో నీళ్ళు ఇవ్వలేదు, వాళ్ళ సంచి ముట్టలేదు. సంగతి తెలిస్తే ముద్ద మింగరని ఎవరినీ చెప్పనివ్వలేదు. అడవి అంచు ఊరు, వాన రాత్రి ఎలుగుబంట్లు వస్తాయని తడుస్తూ కూర్చున్నాడు.

చావింట్లో పోయొస్తామని చెప్పరు, పోయి రమ్మని ఆ ఇంటివాళ్ళూ అనరు. సుగుణకు తెలియని ఆచారమేమీ కాదు. వాళ్ళ అవ్వ పోయినప్పుడు ఇంట్లో అందరూ పాటించిందే. తన మీద పడ్డ నింద తప్ప ఇంకేదీ ఆమె కంటికి ఆనలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. వెనక్కి పోయి ఆయన కాళ్ళ మీద పడతానంది.

బిక్షమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ గడప నీకు వద్దనే కదా ఆయన ఇంత చేసింది అంది.

వాగు ఒడ్డున బస్సు హారను మోగింది. సుగుణకు ఏం చెయ్యాలో తోచలేదు. తడి ఆరని తన చీర సంచిలోంచి లాగి, ఇదే కట్టుకుని నీ చీర నీకిచ్చేస్తానంది.

"ఉండనీ బిడ్డా. అది నాది గాదు. బతుకమ్మకని గుర్వయ్య నాతోని అచ్చంపేటల తెప్పిచ్చిండు, నా ఇంట్లనే ఉండె, రాత్రి నిన్ను జూసి నీకే ఇయ్యమన్నడు."

బిక్షమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అది కట్టుకోవాల్సిన ఆయన ఒక్కగానొక్క బిడ్డను, జెరమొస్తె గీ వాగు దాటిచ్చి దవాఖానకు తీస్కపోలేక, మొన్ననే మట్టి జేసినం."